నిద్రలో కేకలు వేసే బిడ్డను ఏమి చేయవలెను?

(కుటుంబ పాఠము – తల్లిదండ్రులకు, ఆదివారపు బడి ఉపాధ్యాయులకు, సంఘ పెద్దలకు)

చదువవలసిన వాక్యభాగములు: 1 రాజులు 19:1-8, కీర్తనలు 4, కీర్తనలు 127, మార్కు 10:13-16

పాఠ సారాంశము: నిద్రలో ఉలిక్కిపడి కేకలు వేసే బిడ్డకు కావలసినది గద్దింపు కాదు, కాపుదల.



రాయగడలో మాకు తెలిసిన ఒక విశ్వాసుల కుటుంబములో జరిగిన సంగతితో ఈ పాఠము మొదలుపెడుతున్నాము. తండ్రికి ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఒకే గది, వంటగది ఉన్న అద్దె ఇల్లు. నాలుగేండ్ల బాబు. పార్వతీపురము దగ్గర అమ్మమ్మ గారి ఊరిలో పండుగ గడిపి తిరిగి వచ్చిన వారములోనే, పడుకొన్న గంటన్నరకు ఆ బాబు లేచి కూర్చుండి గట్టిగా కేక వేశాడు. కండ్లు తెరిచే ఉన్నవి గాని ఎవరినీ గుర్తుపట్టలేదు. ఒళ్లంతా చెమట. ఎత్తుకోబోయిన తల్లిని తోసివేశాడు. పది నిమిషములకు తనంతట తానే పడుకొన్నాడు. తెల్లవారి అడిగితే వానికి ఏమీ తెలియదు. రెండు రోజులు గడిచాక మరల అదే. తరువాత ప్రతి రాత్రి అదే.

పక్కింటి వారు, “గాలి సోకింది, గుణియా దగ్గరకు తీసుకొని వెళ్లండి” అన్నారు. నాన్నమ్మ ఫోనులో, “దిష్టి తగిలిందమ్మా, ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వెయ్యి” అన్నది. ఆ తల్లిదండ్రులు ఈ రెండును చేయక, ప్రార్థనకు మమ్మును పిలిచారు. మేము ఐదుగురము వెళ్లాము. కూటము నడుచుచుండగానే పిల్లవాడు కేక వేశాడు. మేము చుట్టూ నిలువబడి, వాని భుజములు అదిమి పట్టుకొని, పెద్ద స్వరముతో గద్దించి ప్రార్థించాము. వాడు ఇంకా గింజుకొన్నాడు. కాలు మంచపు కోడుకు కొట్టుకొని చర్మము లేచిపోయినది. దానిని చూచి మేము, “ఎదిరించుచున్నది” అనుకొన్నాము.

కేకలు ఆగలేదు. పైగా ఇంటికి ఎవరు వచ్చినా వాడు తల్లి చీర చాటుకు పోయేవాడు. ఆదివారపు బడికి రానని ఏడ్చాడు. చివరకు వారు పిల్లల డాక్టరు గారి వద్దకు వెళ్లగా ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: “బాబు రాత్రి ఎన్ని గంటలకు పడుకొంటాడు?” ఆ ప్రశ్న మాలో ఒక్కరికీ తోచలేదు. మేము చేసినది తప్పు. మన సంఘములలో మరొక బిడ్డకు అట్లు జరుగకూడదని ఈ పాఠము వ్రాస్తున్నాము.

1. ఇది ఏమిటి?

డాక్టర్లు దీనిని నైట్ టెర్రర్స్ అంటారు. మనము నిద్రలో ఉలికిపాటు అని చెప్పుకొనవచ్చును. నిద్ర అంతా ఒకే తీరుగా ఉండదు. పడుకొన్న మొదటి గంటలలో గాఢనిద్ర ఎక్కువ, తెల్లవారుజామున కలలు వచ్చే నిద్ర ఎక్కువ. గాఢనిద్ర నుండి తేలిక నిద్రకు మారేటప్పుడు కొందరు పిల్లలలో మెదడు సగము మేలుకొని సగము నిద్రలోనే ఉండిపోతుంది. శరీరము లేస్తుంది, నోరు అరుస్తుంది, గుండె వేగముగా కొట్టుకొంటుంది. గుర్తుపట్టే తెలివి మాత్రము నిద్రలోనే ఉంటుంది. అందుకే బిడ్డ కండ్లు తెరిచి ఉండి కూడ తల్లిని గుర్తుపట్టడు. సాధారణముగా కొద్ది నిమిషములలో తగ్గిపోతుంది. ఒక్కొక్కసారి అరగంట వరకు ఉండవచ్చును.

ఇది అరుదైన జబ్బు కాదు. కెనడా దేశములోని క్యూబెక్ రాష్ట్రములో పుట్టిన పిల్లలను ఏండ్ల తరబడి గమనించి 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాదిన్నర వయస్సులో నూటికి సుమారు 34 మందిలోను, 5 ఏండ్లకు సుమారు 13 మందిలోను, 13 ఏండ్లకు సుమారు 5 మందిలోను ఇది కనిపించినది. అనగా ఎక్కువమంది పిల్లలు ఎదిగేకొద్దీ దీని నుండి బయటపడతారు. ఇది కొన్ని కుటుంబములలో వంశముగా కూడ వస్తుంది. “నీ చిన్నప్పుడు నిద్రలో నడిచేవాడివి” అని మీ అమ్మగారు ఎప్పుడైనా చెప్పియుంటే, మీ బిడ్డ కేకలకు కారణము అక్కడ కొంత ఉండవచ్చును.

2. పీడకల వేరు, ఉలికిపాటు వేరు

పీడకల సాధారణముగా రాత్రి రెండవ సగములో, తెల్లవారుజామున వస్తుంది. బిడ్డ పూర్తిగా మేలుకొని, “కుక్క తరిమింది” అని చెప్పగలడు, తల్లిని పట్టుకొంటాడు. వానిని దగ్గరకు తీసుకొని ఓదార్చవలెను. ఉలికిపాటు పడుకొన్న మూడు గంటల లోపుననే ఎక్కువగా వస్తుంది. బిడ్డ తల్లిని తోసివేస్తాడు, తెల్లవారితే జ్ఞాపకముండదు. చూచే మనకు గుండె ఆగినంత పని అవుతుంది గాని, ఆ రాత్రి ఇంటిలో భయమును జ్ఞాపకముంచుకొనేది మనమే.

3. ఇది దయ్యము పనియా?

ఈ ప్రశ్నను దాటవేయకూడదు. దురాత్మలు ఉన్నవని వాక్యము చెప్పుచున్నది, మనము నమ్ముచున్నాము. అయితే ప్రతి కేకయు దయ్యమని వాక్యము ఎక్కడ చెప్పినది? మత్తయి 4:24లో ప్రభువు వద్దకు తెచ్చిన వారిలో దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని వేరువేరుగా పేర్కొనియున్నారు. మార్కు 9:21లో ప్రభువు బాధపడే కుమారుని తండ్రిని, ఇది ఎంత కాలము నుండి అని విచారించినట్లు చదువుతాము. మేము ఆ ఇంటిలో ఏమీ విచారించలేదు.

“పాపము వల్లనే ఇట్లు జరుగుచున్నది” అని ఆ తల్లితో అన్నవారు కూడ ఉన్నారు. యోబు నీతిమంతుడే గదా. పడక మీద కూడ కలలు తనను భయపెట్టుచున్నవని అతడు మొరపెట్టినది యోబు 7:13-14లో చూడండి. నిద్ర చెడినంత మాత్రమున ఆ ఇంటిలో పాపమున్నదని తీర్పు తీర్చుటకు మనకు అధికారము లేదు.

ఏలీయా సంగతి ఇంకను స్పష్టముగా ఉన్నది. భయముతో పారిపోయి, చనిపోవుటకు కోరుకొన్న ప్రవక్త వద్దకు దూత వచ్చి గద్దించలేదు. అతనిని నిద్రపోనిచ్చి, తట్టి లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చి, మరల నిద్రపోనిచ్చినది. ప్రవక్తకే నిద్ర, ఆహారము మొదటి వైద్యమైతే నాలుగేండ్ల పసివానికి కాదా?

మన ప్రాంతములో ఈ తప్పుడు తలంపు ఎంత దూరము పోవునో అందరికి తెలియును. 2025 మార్చిలో నవరంగపూర్ జిల్లాలో జ్వరముతో ఎడతెగక ఏడ్చిన నెల పసికందుకు, చెడు ఆత్మ పట్టినదని తలంచి, కాల్చిన ఇనుముతో సుమారు 40 వాతలు పెట్టారు. ఆ బిడ్డను ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చినది. అయ్యో అన్యాయమని మనము అనుకొంటాము. అయితే బిడ్డను అదిమి పట్టి అరచుట కూడ, వాత లేకపోయినను, అదే తలంపు నుండి వచ్చినది కాదా?

ప్రార్థించవద్దని మేము చెప్పుట లేదు. బిడ్డ పడుకొనేటప్పుడు తల మీద చేయి ఉంచి, మెల్లని స్వరముతో, వానికి అర్థమయ్యే నాలుగు మాటలతో ప్రార్థించండి. మార్కు 10లో ప్రభువు చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొని ఆశీర్వదించారు. మనకు ఆ మాదిరి చాలును.

4. మన ఇండ్లలో ఎందుకు ఎక్కువగును?

ఉలికిపాటు వచ్చే స్వభావము ఉన్న బిడ్డకు దానిని రేపేవి కొన్ని ఉన్నవి. అన్నిటికంటె పెద్దది నిద్ర చాలకపోవుట. అలసిన బిడ్డ మరింత గాఢముగా నిద్రపోతాడు గనుక ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. జ్వరము, మూత్రము నిండియుండుట, చుట్టూ శబ్దము, క్రొత్త చోట పడుకొనుట, ఇంటిలో తగాదా, బడి మారుట, ఇవన్నియు తోడగును.

ఇప్పుడు మన జీవితమును చూచుకొందాము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడే వరకు కోరాపుట్ ప్రాంతము మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో ఉండినది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయినది. హద్దు మారినను బంధుత్వములు మారలేదు. పార్వతీపురము, బొబ్బిలి, సాలూరు, విజయనగరము వైపు పెండ్లి అన్నా, చావు అన్నా రాత్రి రైలు, రాత్రి బస్సు. సునాబెడ, దమంజోడి, జేకేపూర్, తెరువలి వంటి పారిశ్రామిక ఊళ్లలో షిఫ్టు పనులు. రెండవ షిఫ్టు దిగి రాత్రి పదిన్నరకు ఇంటికి వచ్చిన తండ్రి పగలంతా చూడని బిడ్డను లేపి ఆడించాలని కోరుకొంటాడు. అది ప్రేమయే గాని బిడ్డ గాఢనిద్రలో ఉండే సమయము సరిగ్గా అదే. ఒకే గదిలో టీవీ, సెల్‌ఫోను, దీపము. సాయంకాలము పెద్దవారితో పాటు గ్లాసెడు టీ.

మరి మన సంఘము మాట? గృహ కూటము రాత్రి తొమ్మిదిన్నరకు మొదలై పదకొండు దాటుతుంది. డిసెంబరులో క్రిస్మస్ పాటల బృందముతో పిల్లలు అర్ధరాత్రి వరకు తిరుగుతారు. మేము చెప్పిన బాబు ఇంటిలో ఆ నెలలో ఏడు కూటములు జరిగినవని తరువాత లెక్కించి సిగ్గుపడ్డాము. బిడ్డ నిద్ర తీసివేసినది మేమే, ఆ నిద్రలేమి వలన వచ్చిన కేకలను గద్దించుటకు వెళ్లినది మేమే.

5. కేక వేసిన ఆ పది నిమిషములలో

(అ) బిడ్డను కుదిపి లేపవద్దు, మొగము మీద నీళ్లు చల్లవద్దు, కొట్టవద్దు. లేపుటకు ప్రయత్నించినకొద్దీ తికమక పెరిగి ఎక్కువసేపు ఉంటుంది.

(ఆ) అదిమి పట్టుకొనవద్దు. దగ్గర కూర్చుండి మంచము మీద నుండి పడకుండ, గోడకు, పొయ్యికి, మెట్లకు తగలకుండ చేయి అడ్డము పెట్టండి. లేచి నడిస్తే మెల్లగా పడక వైపు త్రిప్పండి.

(ఇ) ఒక్కరే, మెల్లగా, “అమ్మ ఇక్కడే ఉన్నది, పడుకో నాన్నా” అని చెప్పండి. ఇంటిల్లిపాది లేచి దీపములన్నీ వేసి చుట్టూ చేరవద్దు.

(ఈ) తెల్లవారి, “రాత్రి ఏమి చూశావు? ఎందుకు అరిచావు?” అని అడుగవద్దు. వానికి తెలియని సంగతి చెప్పి క్రొత్త భయము పెట్టినవారమగుదుము. బంధువుల ముందు చెప్పి నవ్వవద్దు.

(ఉ) నేల మీద పడక మేలు. తలుపు గడియ బిడ్డకు అందనంత ఎత్తున ఉంచండి. కోరాపుట్ చలికి మూసిన గదిలో కుంపటి పెట్టి పడుకొనవద్దు, దాని విషవాయువు ప్రాణము తీయును.

6. పగటివేళ చేయవలసినవి

3, 4 ఏండ్ల పిల్లలకు రోజంతటిలో 10 నుండి 13 గంటల నిద్ర కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. 1, 2 ఏండ్ల వారికి 11 నుండి 14 గంటలు. ఇందులో పగటి నిద్ర కూడ చేరియున్నది. 6 నుండి 12 ఏండ్ల వారికి 9 నుండి 12 గంటలు కావలెనని నిద్ర వైద్యులు చెప్పుదురు. ఉదయము ఆరు గంటలకు లేచే నాలుగేండ్ల బిడ్డ మధ్యాహ్నము ఒక గంట నిద్రపోయినను, రాత్రి తొమ్మిది లోపల పడుకొంటేనే ఈ లెక్క సరిపడును.

కాబట్టి ప్రతి రాత్రి ఒకే వేళకు భోజనము, మూత్ర విసర్జన, చిన్న కథ, చిన్న ప్రార్థన, దీపము తీయుట, ఈ వరుస తప్పనీయకండి. సాయంకాలము టీ మాన్పించండి. పడుకొనే ముందు దయ్యపు కథలు, “బూచాడు వస్తాడు” అను మాటలు వద్దు. తండ్రి షిఫ్టు దిగి వస్తే నిద్రించే బిడ్డను ముద్దాడి ఊరకుండును గాక, ఉదయము వానిని బడికి తీసుకొనిపోయి ఆ లోటు తీర్చుకొనవచ్చును. నిద్ర పట్టుటకు మందుల షాపులో అడిగి దగ్గు సిరప్ పట్టించవద్దు.

ప్రతి రాత్రి ఒకే వేళకు కేకలు వస్తూ ఉంటే మరొక ఉపాయమున్నది. లండన్ వైద్యుడు బ్రయాన్ లాస్క్ 1988లో దీనిని వివరించారు. ఐదారు రాత్రులు కేక వచ్చే సమయము కాగితము మీద వ్రాసుకొనండి. అది పదిన్నర అయితే, పదింబావుకు బిడ్డను మెల్లగా తట్టి లేపి, నాలుగైదు నిమిషములు మెలకువగా ఉంచి, మూత్రానికి పంపి, మరల పడుకోబెట్టండి. కొన్ని వారములు వరుసగా ఇట్లు చేయగా చాలామంది పిల్లలలో ఆ వరుస తెగిపోతుంది. మేము చెప్పిన బాబుకు కూటములు ఆపి, ఎనిమిదిన్నరకు పడక వేసి, ఇట్లు లేపగా మూడవ వారమునకు కేకలు నిలిచినవి.

7. ఆలస్యము చేయకూడని గురుతులు

ఇది అన్నిటికంటె ముఖ్యము. ప్రతి కేకయు దయ్యము కానట్లే, ప్రతి కేకయు ఉలికిపాటు కూడ కాదు.

జ్వరము ఉండి బిడ్డ పలవరించినా, తెలివి తప్పినా, కొట్టుకొన్నా, పాలు, నీళ్లు త్రాగకపోయినా అది ఆస్పత్రి పని. మన జిల్లాలు మలేరియా ప్రాంతములు. ఫాల్సిపేరమ్ మలేరియా మెదడుకు ఎక్కితే గంటలలో ప్రాణాపాయము. 2017లో ఒడిశా ప్రభుత్వము మారుమూల గ్రామములలో దమన్ అను మలేరియా నిర్మూలన కార్యక్రమము ప్రారంభించినది. రాష్ట్రములో ఆ సంవత్సరము మూడున్నర లక్షలకు దగ్గరగా ఉన్న మలేరియా కేసులు 2018లో 70 వేల లోపునకు తగ్గినవి. తగ్గినది గాని పోలేదు. ఆశా కార్యకర్త వద్ద వ్రేలి నుండి రక్తపు చుక్క తీసి చూచే పరీక్ష ఉన్నది. జ్వరము వచ్చిన రోజే చేయించండి. దోమతెర లోపలనే పడుకోబెట్టండి.

ఒకే రాత్రి అనేక మార్లు వచ్చుట, ఒళ్లు బిగుసుకొనుట, ఒకవైపు చేయి కాలు కొట్టుకొనుట, నోట నురుగు, నాలుక కరచుకొనుట, పగలు కూడ ఉండి ఉండి నిలిచిపోయి చూచుట, ఇవి మూర్ఛ గురుతులు కావచ్చును. అప్పుడు ప్రక్కకు పడుకోబెట్టండి. నోటిలో చెంచా గాని నీళ్లు గాని పెట్టవద్దు, చేతిలో తాళపుచెవులు పెట్టి కాలము గడపవద్దు. వీలైతే ఫోనులో కొద్దిగా వీడియో తీయండి, డాక్టరుకు అది పది మాటలకంటె ఎక్కువ చెప్పును. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్లుంటే టాన్సిల్స్ చూపించండి. వారములు గడిచినా కేకలు తగ్గకపోయినా, బిడ్డకు దెబ్బలు తగులుచున్నా చూపించవలెను.

108కు ఫోను చేయండి. రాయగడలో జిల్లా ఆస్పత్రి, బిస్సంకటక్‌లో 1954 నుండి సేవ చేయుచున్న క్రిస్టియన్ హాస్పిటల్, కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉన్నవి. వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసము కాదు.

8. సంఘము చేయవలసినది

చిన్నపిల్లలున్న ఇంట గృహ కూటమును రాత్రి ఎనిమిదిన్నరకు ముగించవలెను. మైకు విషయములో చట్టము కూడ ఉన్నది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము సాధారణముగా రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బహిరంగముగా లౌడ్ స్పీకరు వాడరాదు. పొరుగింట కూడ పసిబిడ్డలుందురు గదా. రాత్రి ఆరాధనలలో చిన్నవారికి ప్రక్కన చీకటి గది, చాపలు సిద్ధపరచండి. ఇట్టి బిడ్డ పేరు సాక్ష్యములలోను, ప్రార్థన మనవులలోను బహిరంగముగా చెప్పవద్దు. రాత్రులు నిద్ర లేని తల్లికి ఒక పూట వంట చేసి పెట్టి, పగలు రెండు గంటలు బిడ్డను చూచుకొనుట కూడ పరిచర్యయే.

ఆ బాబు ఇప్పుడు రెండవ తరగతి. ఆదివారపు బడికి వస్తున్నాడు. మాలో ఒకరిని చూచి మాత్రము ఇంకను కొంచెము వెనుకకు జరుగుతాడు. మేము వాని తల్లిదండ్రులను క్షమాపణ అడిగాము, వారు క్షమించారు. పిల్లవాని వద్ద ఆ నమ్మకము మరల సంపాదించుకొనవలసి యున్నది.

చర్చించుటకు ప్రశ్నలు

1. మీ బిడ్డ రోజుకు మొత్తము ఎన్ని గంటలు నిద్రించుచున్నాడు? ఈ వారము వ్రాసి చూడండి.

2. ఏలీయాకు దూత చేసినదానిలో మన ఇంటిలో ఈ రాత్రి చేయదగినది ఏది?

3. మన సంఘ కూటముల వేళలలో పిల్లల కొరకు ఏమి మార్చవలెను? ఎవరు ఆ బాధ్యత తీసుకొందురు?

4. మన వీధిలో జ్వర పరీక్ష చేసే ఆశా కార్యకర్త ఎవరో మనకు తెలియునా?

ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడని, నిద్రపోడని 121వ కీర్తనలో చదువుతాము. ఆయన మెలకువగా ఉన్నాడు గనుక మన పిల్లలు నిద్రపోవచ్చును. వారిని నిద్రపోనిద్దాము.